లక్క పూసిన పరదా

మోటారు పనిలోకి కొత్తగా దిగిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. పాతకాలం కార్ల సంగతులు చెప్పమంటారు. వాళ్ళకు కావలసింది నవాబుల బంగళాల, అదే దేవిడీల ముందు వరసగా నిలబడ్డ పెద్ద కార్లు, వాటి ఇత్తడి హారన్లు, తళతళలాడే దీపాలు. అవన్నీ నేనూ చూశాను. కాకపోతే వాటి కింద పడుకుని చూశాను కాబట్టి నాకు ఎక్కువగా గుర్తున్నది నూనె, దుమ్ము, నడుంనొప్పి.

ఉద్యోగంలో పైకి ఎట్లా వచ్చాను, పదవీ విరమణ రోజున ఎవరు దండ వేశారు, ఇట్లాంటివి రాయబోవడం లేదు. ఆఖరి కాలంలో బస్సుల డిపోలో ఫోర్‌మన్‌గా చేశాను. అక్కడ సంతకాలు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. పని అంటే ఏమిటో నాకు తెలిసింది అంతకు చాలా ముందు, ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ సందులో, ప్రపంచ యుద్ధం రోజుల్లో. అక్కడ ఒక పాత కారుకు పెట్రోల్ పంపు పోయింది. బాగు చేశాం. మళ్ళీ పోయింది. చూడబోతే అంత చిన్న సంగతి. దానివల్ల ఒక మనిషి బతుకు తెల్లారిపోయింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు స్పానర్ పట్టుకునే ముందు అది తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను. సరదాగా మాత్రం ఉండదు.

పెట్రోల్ పంపు అంటే రోడ్డు పక్కన పెట్రోల్ పోసే చోటు అనుకోవద్దు. ఇంజనుకు పక్కన బిగించి ఉండే, అరచేతిలో పట్టేంత డబ్బా అది. వెనక ట్యాంకులోని పెట్రోల్‌ను లాగి ముందున్న కార్బురేటర్‌కు అందించేది అదే. దాని లోపల గుండ్రటి గుడ్డ బిళ్ళ ఒకటి ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే ఒక మీట ఆ బిళ్ళను కిందికి లాగుతుంది, స్ప్రింగు పైకి తోస్తుంది. పెట్రోల్ కదిలేది ఆ ఊపుకే. ఆ బిళ్ళను మేం పరదా అనేవాళ్ళం. పరదా చిరిగితే కారు ఎంత గొప్పదైనా కదలదు.

గేటు దగ్గర ఫైసలా

ఆబిడ్స్ రోడ్డు మీద అద్దాల దుకాణాలు, సూట్లు కుట్టే దర్జీలు, కేకులమ్మే షాపులు. కార్లు ముందు అక్కడ ఆగేవి. ఆగినవి మళ్ళీ కదలకపోతే వెనక సందులోని మా రేకుల షెడ్డుకు తోసుకొచ్చేవాళ్ళు. మా నాయన కచేరీలో గుమాస్తా. కొడుకు చేతికి గ్రీజు అంటడం ఆయనకు చచ్చేంత నామోషీ. నేను అన్నానికి కూర్చుంటే నా గోళ్ళ వంక చూసి కంచం తీసుకుని పక్కకు జరిగేవాడు. బతికినన్నాళ్ళూ నేనేం పని చేస్తానో చుట్టాలకు సరిగ్గా చెప్పలేదు.

షెడ్డు గఫూర్ ఉస్తాద్‌ది. ఒక పెద్ద దేవిడీ మోటర్‌ఖానాలో పని నేర్చి, అక్కడి నవాబు పోయాక బయటికి వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. పొడుగాటి మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. కానీ విద్య దాచుకునేవాడు కాదు. చాలామంది ఉస్తాద్‌లు అసలు కిటుకు దగ్గరికి వచ్చేసరికి పక్కనున్నవాణ్ణి చాయ్ తెమ్మని పంపేవాళ్ళు. ఈయన నన్ను పిలిచి "గీడ నిలవడు నర్సింగ్, జర కండ్లు పెట్టి చూడు" అనేవాడు. నాకు వచ్చిన పనంతా ఆయన పెట్టిందే. తరవాత ఏం రాసినా ఈ మాట మరిచిపోయి రాయడం లేదు.

ఆ షెడ్డులో ఒక రివాజు ఉండేది. బండి చూడటం అయ్యాక ఉస్తాద్ చేతులు తుడుచుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడి, రోగం ఏమిటో పైకి చెప్పేవాడు. బండి యజమాని, పక్క బండ్ల డ్రైవర్లు, చాయ్ తాగడానికి ఆగినవాళ్ళు, అందరూ వినేట్టు. దాన్ని ఫైసలా అనేవాళ్ళం. లోపల గుసగుసలాడి లేని రోగానికి మందు వేసే కార్ఖానాల మధ్య అది ఆయన నిజాయితీకి గుర్తు. డ్రైవర్లు ఆ మాట పట్టుకుపోయి నాంపల్లి స్టేషన్ దగ్గరి టాక్సీ స్టాండులో చెప్పుకునేవాళ్ళు. గఫూర్ ఉస్తాద్ ఫైసలా అయిపోయిందంటే దాని మీద ఇంకో మాట లేదు. ఆ రివాజును నేను చాలా ఏళ్ళు మెచ్చుకున్నాను. ఇప్పుడు మెచ్చుకోలేను.

యాదగిరి పొలం

యాదగిరి సంగారెడ్డి అవతలి పల్లె మనిషి. అన్నదమ్ముల పంపకంలో వచ్చిన పొలం అమ్మేసి, ఏదో దేవిడీలో మూలకు పడేసిన అమెరికా కారు ఒకటి కొన్నాడు. నాంపల్లి స్టేషన్ ముందు టాక్సీగా తిప్పేవాడు. పొట్టిగా ఉండేవాడు, మాటకారి. పొద్దున్నే బండిని కడిగి బానెట్ మీద పసుపు బొట్టు పెట్టందే సవారీ ఎక్కించుకునేవాడు కాదు.

"ఇది బండి కాదు నర్సన్నా, నా పొలం. సంగారెడ్డిల అమ్మిన, నాంపల్లి టేసన్ కాడ దున్నుతున్న" అని నవ్వేవాడు.

యుద్ధం వచ్చాక పెట్రోల్‌కు కూపన్లు పెట్టారు. టాక్సీ నడిచినంత కాలం కూపన్లు ఇస్తారు. ఎక్కువ దూరం వస్తుందని పెట్రోల్‌లో కిరోసిన్ కలిపి నడిపే టాక్సీవాళ్ళు కొందరు ఉండేవాళ్ళు. అట్లా కలుపుతున్నాడని తేలితే కూపన్లు పోతాయి. కూపన్లు పోతే ఇక ఆ బండి ఇనుప సామాను కింద లెక్క. యాదగిరికైతే పొలం రెండోసారి పోయినట్టే. ఈ సంగతి స్టాండులో అందరికీ తెలుసు. అందుకే అతను కిరోసిన్ డబ్బా ఉన్న దుకాణం ముందు బండి ఆపడానికి కూడా భయపడేవాడు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఖైరతాబాద్ నుంచి సవారీతో వస్తుంటే బండి ఆగిపోయింది. ఎద్దుబండికి కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చాడు. దిగీ దిగగానే "పంపు పోయింది ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్‌కు చిర్రెత్తుకొచ్చింది. "పంపు నీతోని చెప్పిందా, నేను పోయిన్నని?"

ఇక్కడ నేర్చుకున్నదాన్నే తరవాత డిపోలో ఎందరికో చెప్పాను. పెట్రోల్ అందకపోతే పంపు మీద నింద వేయడం అన్నిటికంటే తేలిక, కాబట్టి దాన్ని ఆఖరున వేయాలి. ఉస్తాద్ ముందు ట్యాంకులో కర్ర పెట్టి పెట్రోల్ ఉందో లేదో చూశాడు. నవ్వకండి, సగం బండ్లు అక్కడే బాగుపడతాయి. తరవాత ట్యాంకు మూత. దానికి గాలి లోపలికి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడితే పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. ఆ రంధ్రం శుభ్రంగానే ఉంది. తరవాత గోనెపట్టా తడిపి పంపు మీద కప్పి కాసేపు ఆగాడు. మన ఎండలకు పంపులోనే పెట్రోల్ ఆవిరై ఆగిపోతుంది. చల్లబడితే బండి దానంతట అదే లేస్తుంది. ఇది లేవలేదు. అప్పుడు కార్బురేటర్ దగ్గర గొట్టం ఊడదీసి, దాని కింద గిన్నె పెట్టి, ముందు నుంచి హ్యాండిల్ వేసి నన్ను తిప్పమన్నాడు. బాగున్న పంపైతే తిప్పినప్పుడల్లా పెట్రోల్ చిమ్ముతుంది. గిన్నెలో చుక్క పడలేదు.

అయినా ఆయన పంపు అనలేదు. దాని అడుగున ఒక చిన్న కన్నం ఉంటుంది, అక్కడ వేలు పెట్టి చూశాడు. తడిగా ఉంది. పరదా చిరిగితేనే పెట్రోల్ అక్కడి నుంచి కారుతుంది. ఇంజను నూనె కొలిచే పుల్ల తీసి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. నూనెలో పెట్రోల్ వాసన. చిరిగిన పరదాలోంచి దిగి నూనెలో కలుస్తోంది. అది తెలియక నడిపితే నూనె పల్చబడి ఇంజనే పోతుంది.

అప్పుడు చేతులు తుడుచుకుని గేటు దగ్గరికి పోయాడు. "యాద్గిరి బండికి పంపు పరదా ఫట్ గయా. ఇంజన్‌కు ఫికర్ లేదు!"

యాదగిరి రెండు చేతులూ జోడించాడు.

గొడుగు గుడ్డ

కొత్త పరదా దొరకదు. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే సామాను యుద్ధంతో నిలిచిపోయింది. ఆబిడ్స్‌లో సామాన్ల దుకాణాలవాళ్ళు మమ్మల్ని దూరం నుంచి చూసే తల అడ్డంగా ఊపేవాళ్ళు. ఉస్తాద్ తానే పరదాలు చేయడం మొదలుపెట్టాడు.

పాత పట్టు గొడుగుల గుడ్డ తీసుకుని, పాత పరదాను దాని మీద పెట్టి గీసి, గుండ్రంగా కత్తిరించేవాడు. లక్కను స్పిరిట్‌లో కరిగించి ఒక సీసాలో పెట్టుకునేవాడు. మొజంజాహీ మార్కెట్ వైపు కుర్చీలకు పాలిష్ పట్టేవాళ్ళు వాడేదీ ఆ లక్కే. అందులో కొంచెం ఆముదం కలిపితే ఆరిన తరవాత పెళుసుబారకుండా ఉంటుంది. గుడ్డ బిళ్ళకు రెండు వైపులా ఆ లక్క పూసి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ పూసి, పొర మీద పొర వేసేవాడు. లక్కను పెట్రోల్ ఏమీ చేయలేదు. ఇంజన్ల మీద అతుకులన్నిటికీ మేం ఎప్పటి నుంచో లక్కే పూసేవాళ్ళం.

పంపు విప్పే ముందు దాని పై ముక్కకూ కింది ముక్కకూ కలిపి ఇనుము రాకే అరంతో ఒక గీత గీయాలి. తిరిగి బిగించేటప్పుడు గీతా గీతా కలవాలి. లేకపోతే గొట్టాలు వాటి వైపు రావు. మరలు బిగించేటప్పుడు మీటను చివరిదాకా నొక్కి పట్టుకోవాలి, పరదా సాగి ఉండగానే బిగుసుకోవాలి. వదులుగా వదిలేసి బిగిస్తే మొదటి ఊపుకే చిరుగుతుంది. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుందేమో, నాకైతే ఉస్తాద్ నా వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నొక్కి చూపించాడు.

యాదగిరి బండి లేచింది. ఆ ఎండలన్నీ తిరిగింది. ఉస్తాద్ లక్క పరదా పేరు ఊరంతా పాకింది. ఇంకా ఎన్నో బండ్లకు వేశాం. ఆ రోజుల్లో మా షెడ్డులో ఉన్నంత ధీమా నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పసారా వాసన

వానలు తగ్గుతుండగా పెట్రోల్ మారింది. చాలినంత పెట్రోల్ లేక సర్కారు అందులో స్పిరిట్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. అది దొంగచాటు వ్యవహారం కాదు, అందరికీ తెలిసిందే. స్టాండులో దాని మీద రోజూ హాస్యాలే. బండి మొరాయిస్తే "రాత్రి తాగింది ఇంకా దిగలే" అనేవాళ్ళు.

యాదగిరి ఒకరోజు మా షెడ్డులో ట్యాంకు మూత తీసి వాసన చూసి, "మా ఊళ్ళె బట్టీ కాడికి పోయినట్టున్నది ఉస్తాద్. అచ్చం ఇప్పసారా వాసన" అన్నాడు. ఉస్తాద్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

తరవాత కొద్ది రోజులకే యాదగిరి బండి ఆగింది. మేం లక్క పరదా వేసిన మిగతావి చాలావరకు దేవిడీల బండ్లు, కూపన్లు చాలక కదలడం లేదు; రోజంతా తిరిగేది ఇదే. విప్పితే పరదా మెత్తబడి చిరిగి ఉంది. కార్బురేటర్ సన్నటి రంధ్రాల్లో గోధుమరంగు జిగురు. ఉస్తాద్ శుభ్రం చేసి కొత్త పరదా వేశాడు. వారం గడిచిందో లేదో మళ్ళీ అదే. ఈసారి ఇంకా మందంగా లక్క పూసి వేశాడు. ఆ బండి దసరా బేరాల మధ్యలో, స్టేషన్ మెట్ల ముందే ఆగిపోయింది. స్టాండులోవాళ్ళు తోశారు, తోస్తూ నవ్వారు.

మాటిమాటికీ పోతున్నది ఎవరు చేసిన పరదా అన్న ప్రశ్న అప్పటికి స్టాండులో మొదలైంది. గఫూర్ ఉస్తాద్‌కు చూపు తగ్గిందట, చేతులు వణుకుతున్నాయట. ఆ మాట షెడ్డు దాకా వచ్చింది. ఆయన విన్నాడు. వినగానే చేతిలో పని ఆపేశాడు. పనిలో పేరున్న మనిషికి తన చేయి మీద అనుమానం రావడం కంటే కష్టం లేదు. అది రాకుండా ఉండటానికి ఇంకెవరి మీదనైనా అనుమానపడతాడు. ఉస్తాద్ చేసింది అదే.

షెడ్డుకు తోసుకొచ్చిన యాదగిరి బండిని విప్పి, లోపలి జిగురును గోటితో గీకి, వాసన చూసి, చేతులు తుడుచుకున్నాడు. గేటు దగ్గరికి నడిచాడు. ఆ పూట గేటు దగ్గర కూపన్ల కచేరీ ఇన్‌స్పెక్టరు తన బండి కోసం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన నలుగురైదుగురు స్టాండు డ్రైవర్లు. యాదగిరి తన బండి బానెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు అక్కడ ఉన్నాడన్న సంగతి ఉస్తాద్‌కు తట్టలేదో, తట్టినా రివాజు రివాజే అనుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

"యాద్గిరి పెట్రోల్ల కిరోసిన్ కలుపుతుండు. పరదా తప్పు కాదు!"

యాదగిరికి ముందు అర్థం కాలేదు. అందరూ తన వైపు తిరిగాక అర్థమైంది.

"నేనా? నేను కలపలే ఉస్తాద్. నా పిల్లల మీద ఒట్టు. కిరోసిన్ వాసన నీకు తెల్వదా? ఇది గా ఇప్పసారా వాసనే, నేను నీతోని చెప్పలేదా?"

"నాకు నేర్పుతవా నువ్వు?"

"నేర్పుతలేను ఉస్తాద్. నా పొలం పోతది. జర మళ్లొకసారి చూడు. నీ కాల్మొక్కుత."

ఉస్తాద్ లోపలికి వెళ్ళిపోయాడు. ఫైసలా తరవాత మళ్ళీ చూడటం ఆ షెడ్డులో ఎన్నడూ లేదు. ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. బండి నంబరు ఒకసారి తలెత్తి చూసుకున్నాడు, అంతే.

పంపు ఇంకా మా బల్ల మీదే విప్పి ఉంది. యాదగిరి దాన్ని అడగలేదు. ఇద్దరు కూలీలను పిలిచి బండిని తోయించుకుంటూ నాంపల్లి వైపు పోయాడు. తాను పక్కన నడుస్తూ కిటికీలోంచి స్టీరింగు పట్టుకున్నాడు. దసరాకు వేసిన బంతిపూల దండ ఇంకా ముందు దీపాలకు వేలాడుతోంది.

నెల తిరక్కుండా కూపన్లు ఆగిపోయాయి. ముందు టైర్లు అమ్మాడని విన్నాం, యుద్ధంలో టైర్లకు గిరాకీ. తరవాత ఇంజను. తరవాత మిగతాది ఎవరో ఇనుము కింద పట్టుకుపోయారట.

డిపోలో నాకు పై అధికారిగా పనిచేసిన ఒక ఇంజనీరు ఏ బస్సు చెడినా ముందు డ్రైవర్ తప్పు అనేవాడు. తరవాత తీరిగ్గా బస్సు విప్పించేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. నేను మాత్రం ఆయనతో ప్రతిసారీ గొడవ పెట్టుకునేవాణ్ణి. డ్రైవర్ల యూనియన్ మనిషినని నన్ను అనుమానించాడు. ఎందుకు గొడవ పడుతున్నానో ఆయనకు చెప్పలేదు. చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

లక్క సీసా

చలికాలం పోతుండగా ఒక ముసలి బేగం గారి కారు వచ్చింది. ఆ దేవిడీలో పెట్రోల్ పీపాకు తాళం వేసి, తాళంచెవి ఆమె తన దిండు కింద పెట్టుకునేది. ఆ బండికీ మేం వేసిన లక్క పరదాయే. విప్పితే అదే మెత్తదనం, అదే గోధుమరంగు జిగురు.

ఉస్తాద్ ఈసారి ఫైసలా చెప్పలేదు. బేగం గారి డ్రైవర్‌ను మర్నాడు రమ్మన్నాడు.

లక్క అయిపోవచ్చిందని సీసా కడిగి కొత్తగా చేయడానికి కూర్చున్నాడు. ఎండ షెడ్డు సగం దాకా వచ్చి ఉంది. లక్క పొరలు సీసాలో వేశాడు. స్పిరిట్ డబ్బా మూత తీసి పోయబోయి ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పోయకుండానే డబ్బా కింద పెట్టాడు.

"నర్సింగ్, బండిలకెల్లి పెట్రోల్ తే."

తెచ్చాను. ఆరబెట్టిన కొత్త పరదా ఒకటి గిన్నెలో వేసి దాని మీద పెట్రోల్ పోశాడు. ఇద్దరం ఇంకో పనేదీ ముట్టుకోలేదు. మధ్యాహ్నం నమాజుకు పోయి వచ్చి, దాన్ని తీసి బొటనవేలితో రుద్దాడు. లక్క వేలికి వచ్చేసింది. కింద గొడుగు గుడ్డ పువ్వులు కనిపించాయి.

లక్కను కరిగించేది స్పిరిట్. కొన్నేళ్ళుగా తన చేత్తో తానే కరిగిస్తున్నాడు. పెట్రోల్‌లో స్పిరిట్ కలిసిందని ఊరంతా నవ్వుకుంటోంది, ఆయనా నవ్వాడు. ఈ రెండు సంగతులూ మా షెడ్డులో ఒకే బల్ల మీద ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. యాదగిరి ఒక్కడు వాసన పట్టి చెప్పాడు.

ఉస్తాద్ సీసా ఎత్తి నేల మీద పోసేశాడు. ఆ తరవాత పరదాలకు ఉడికించిన అవిసెనూనె పట్టించడం మొదలుపెట్టాం. అది నిలిచింది. బేగం గారి బండి బాగైంది. అలమరలో దాచి ఉంచిన యాదగిరి పంపును ఉస్తాద్ బయటికి తీసి దానికీ అవిసెనూనె పరదా వేశాడు. గీతా గీతా కలిపి బిగించి, పాత గుడ్డలో చుట్టి, మళ్ళీ అలమరలోనే పెట్టాడు.

కూపన్ల కచేరీకి మాత్రం సీసా పారబోసిన మర్నాడే ఉస్తాద్ పోయాడు, నేనూ వెంట పోయాను. ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "మియా, ఆనాడు నువ్వే చెప్పినవ్. ఇయ్యాల నువ్వే కాదంటవ్. గా కూపన్లు వేరేటోళ్లకు పోయినయ్. ఇగ పో." పోయాం.

నడిచి పోయే దూరం

తప్పు తెలియడానికి ఒక చలికాలం పట్టింది. యాదగిరి దగ్గరికి పోయి ఆ మాట చెప్పడానికి ఏడాది పైన పట్టింది. గన్‌ఫౌండ్రీ నుంచి నాంపల్లి స్టేషన్ నడిచి పోయే దూరమే. చాయ్ తాగడానికి పోయి వచ్చేవాళ్ళున్నారు. యాదగిరి స్టేషన్ వెనక మాల్‌గోదాంలో బస్తాలు మోస్తున్నాడని నేను చూసి వచ్చి చెప్పాను. ఉస్తాద్ విని తలాడించి పనిలో పడ్డాడు. ఇంకోసారి చెబితే కసిరాడు. ఆయన చేతికి అబద్ధం రాదు. ఇది మాత్రం కాళ్ళకు సంబంధించిన పని, అవి కదల్లేదు. ఆయన మీద నాకు ఎంత గౌరవం ఉన్నా ఈ ఏడాదిని నేను క్షమించలేకపోయాను. ఆయనతో ఆ మాట అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

చివరికి యుద్ధం అయిపోయాక ఒకరోజు పొద్దున్నే అలమర తెరిచి గుడ్డ మూట తీసుకుని, "చల్ నర్సింగ్" అన్నాడు.

గోదాం ముందు యాదగిరి నెత్తిన గోనెపట్టా మడిచి వేసుకుని బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, పాత అలవాటు.

"యాద్గిరీ, గా తప్పు నాది. నువ్వు కిరోసిన్ కలపలే. లక్క కరిగింది. నువ్వు చెప్పిందే నిజం." ఉస్తాద్ గొంతు గేటు దగ్గరి గొంతు కాదు. మూట విప్పి పంపు చేతిలో పెట్టాడు. "నీ పంపు. మంచిగ చేసిన."

యాదగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అరం గీత మీద వేలు పెట్టి రాశాడు. పెట్రోల్ వచ్చే రంధ్రాన్ని బొటనవేలితో మూసి మీట నొక్కాడు. పంపు వేలిని లోపలికి లాగింది.

"మంచిగ గుంజుతున్నది ఉస్తాద్" అన్నాడు. తిరిగి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. "ఏడ పెట్టుకోను?"

ఉస్తాద్ కళ్ళు తుడుచుకున్నాడు. "నన్ను మాఫ్ చెయ్."

"నాకు చెప్తె ఏం లాభం? కలపలేదని నాకు తెల్వదా? నాకు మొదటి దినం నుంచి ఎరుకే." యాదగిరి గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని నాకు అనిపించింది. "నా పిల్లలను కిరోసిన్ దొంగ పిల్లలు అన్నరు. స్టాండు కాడ చెప్పు ఉస్తాద్. ఆనాడు అందరి ముంగట చెప్పినవు గదా, గట్లనే చెప్పు."

ఉస్తాద్ ఔనని తలూపాడు. గోదాం నుంచి స్టేషన్ ముందుకు నడిచాం. యాదగిరి మా వెంట రాలేదు. కొంచెం ఆగి, నెత్తి మీద గోనెపట్టాతో అట్లాగే దూరంగా వచ్చి, టాంగాల వెనక నిలబడ్డాడు. స్టాండులో టాక్సీలు వరసగా ఉన్నాయి. ఉస్తాద్ వాటి మధ్యకు పోయి పైజామాకు చేతులు తుడుచుకున్నాడు. చేతులకు ఏమీ అంటి లేదు.

"సునో భాయ్! నేను గన్‌ఫౌండ్రీ గఫూర్‌ని. యాద్గిరి పెట్రోల్ల కిరోసిన్ కలపలే. తప్పు నా పరదాది!"

డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. అందరూ కుర్రాళ్ళు. పాతవాళ్ళు కొందరు మిలిటరీ లారీల మీద పోయారు, కొందరు కూపన్లు చాలక బండ్లు అమ్ముకున్నారు. వీళ్ళలో ఒక్క ముఖం కూడా నాకు తెలియదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బండివాడు మర్యాదగానే అడిగాడు.

"యాదగిరి ఎవరు చాచా?"

ఉస్తాద్ మళ్ళీ అదే మాట చెప్పాడు, మొదటిసారి కంటే మెల్లగా. నేను టాంగాల వైపు చూశాను. యాదగిరి అప్పటికే వెనక్కి తిరిగి గోదాం వైపు నడుస్తున్నాడు.